పడుగు దాటని నాడె

మొన్న మా మేనమామ కొడుకు పోతే పెద్దకర్మకు వెళ్ళాను. కంకిపాడు దిగి కాలవ గట్టు వెంట రెండు మైళ్ళు లోపలికి పోతే వస్తుంది మా తాతయ్యగారి ఊరు. భోజనాలయ్యాక పందిరి కింద కుర్చీలో కూర్చుని ఉన్నాను. రెండిళ్ళ అవతలి అరుగు మీంచి ఒక ముసలావిడను మనవరాలు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిపించుకొచ్చింది. తొంభై దాటి ఉంటాయి. కళ్ళు ఆనడం లేదు. నా ఎదురుగా నిలబడి చెయ్యి చాచి నా మొహం తడిమింది. బుగ్గల మీది స్ఫోటకం మచ్చలు వేళ్ళకు తగిలాయి కాబోలు, బోసినోరు తెరిచి నవ్వింది.

"నువ్వా సాంబా! నాడె వాళ్ళబ్బాయివి కదూ!"

ఆవిడ మంగమ్మత్త. పక్కనే వడ్డన సామాను సర్దుతున్న కుర్రవాడొకడు ఆగి, "నాడె అంటే ఎవరు తాతగారూ? మీ నాన్నగారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మంగమ్మత్త, "కాదురా, వీడి కుక్క," అంది. పందిట్లో వాళ్ళంతా గొల్లుమన్నారు. మా ఇద్దరికీ మాత్రం అందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో పాఠాలు చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు విజయవాడలో ఏ వీధికి వెళ్ళినా ఎదురుపడి మాస్టారూ అని నమస్కారం పెడతారు. ఆ ఊళ్ళో మాత్రం నేను ఇప్పటికీ ఒక కుక్క తాలూకు మనిషినే. తిరుగు ప్రయాణంలో కారు అద్దం దించుకుని కాలవ గాలి మొహానికి తగులుతుంటే, ఆ పిలుపు తలుచుకుని చాలాసేపు నాలో నేనే మురిసిపోయాను.

నాకప్పుడు ఎనిమిదో ఏడు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. బెజవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో మా నాన్న గుమాస్తా. ఆ వేసవిలో మా ఇంటికి అమ్మవారు వచ్చింది. మశూచి అనే మాట ఇంట్లో ఎవరూ అనేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. ముందు నాకు పోసింది, నా పక్కన కూర్చుని వేపమండలతో విసిరిన అమ్మకు తరవాత పోసింది. నేను లేచాను, అమ్మ లేవలేదు. కొట్టు వదిలి నన్ను చూసుకునే దారి లేక నాన్న నన్ను అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. పెట్రోలు దొరక్క బందరు రోడ్డు మీద బొగ్గు బస్సులు నడిచేవి. బస్సు వెనక డ్రమ్ములాంటి పొయ్యి, అది రాజుకోవడానికి క్లీనరు చక్రం తిప్పుతూ ఉండేవాడు. ఇప్పుడు ఆటోనగర్ అని పగలంతా రేకుల మోతతో హోరెత్తే ఆ వైపున నా కంటికి ఆ రోజు పచ్చటి పొలాలు తప్ప ఏమీ కనపడలేదు. మసిపట్టిన మొహాలతో దిగాం. "దసరాకి వస్తాన్రా," అన్నాడు నాన్న, నా వంక చూడకుండా. తాతయ్యా అమ్మమ్మా అరుగు మీద నిలబడి ఉన్నారు. అమ్మమ్మ నన్ను చూసి ఏడవలేదు. దగ్గరికి తీసుకుని మొహం మీది మసి కొంగుతో తుడిచి, మచ్చలు కూడా మసేమో అన్నట్టు ఇంకాసేపు తుడిచింది.

అది నేతవారి వీధి. రెండు వరసల్లో ఇరవై ఇళ్ళు, ఇంటింటా గుంట మగ్గం. తెల్లవారక ముందే మొదలై చీకటి పడేదాకా వీధంతా ఒకటే టకటక. నాలుగు రోజులు ఉంటే ఆ చప్పుడు వినిపించడం మానేస్తుంది. అది ఆగితేనే ఉలిక్కిపడతాం. మా తాతయ్య గుంటలో కాళ్ళు పెట్టుకుని, నోట్లో ఆరిపోయిన చుట్టతో, మనిషి వంక చూడకుండా మాట్లాడేవాడు. ఆయన చూపంతా దారం మీదే. కొత్త నూలు వస్తే ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య నలిపి, నాలిక్కి ఆనించి చూసి అప్పుడు గాని మంచిదో చెడ్డదో చెప్పేవాడు కాదు. అమ్మమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే కూర తరిగేది, చుడుతూనే నాకు లెక్కలు అప్పజెప్పించేది, చుడుతూనే కునుకు తీసేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఇంట్లో అన్నిటినీ మించిన వాసన గంజిది. కాస్త పులిసిన బియ్యం గంజి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కుక్కరు పొంగి గంజి కారితే నాకు ఆ వీధి గుర్తొస్తుంది.

ఎందుకంటే నేతవారికి గంజి తిండి మాత్రమే కాదు, పని కూడా. చీర పొడుగునా సాగే దారాలను పడుగు అంటారు. మగ్గం మీదికి ఎక్కించే ముందు ఆ పడుగును వీధిలో ఎనిమిదిళ్ళ పొడుగున వెదురు కర్రల మీద సాగదీసి, పెద్ద కుంచెలతో గంజి పట్టించి, ఏ పోగుకా పోగు విడదీసి, లేత ఎండలో ఆరబెట్టాలి. మనిషికి మోకాలెత్తున వీధి మధ్యలో తెల్లటి తెర పరిచినట్టుండేది. ఒక్క పోగు చిక్కుపడితే పూటంతా పని. నూలు రేషను కార్డు మీద తప్ప దొరకని ఆ రోజుల్లో పడుగు పాడైతే ఆ నెల ఇంట్లో మగ్గం ఆడదు. అందుకని పడుగు పరిచి ఉండగా దాన్ని దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. అవతలికి పోవాలంటే ముసలీ ముతకా ఎవరైనా సరే చివరిదాకా నడిచి చుట్టూ తిరిగే వెళ్ళాలి. గంజి వాసనకు వచ్చి నాకే కుక్కలంటే ఆ వీధిలో పసిపిల్లలు కూడా రాయి అందుకునేవాళ్ళు.

నాకు తోడు లేదు. నా వయసు పిల్లలు పదిమంది ఉన్నారు కాని, నేను అరుగు మీదికి రాగానే తల్లులు వాళ్ళను లోపలికి పిలుచుకునేవారు. "అమ్మవారు పోసిన పిల్లాడు, తల్లి పోయింది" అని గుసగుసలు. వాళ్ళను తప్పు పట్టను. భయం అలాంటిది. బడిలో మాస్టారు నన్ను గుమ్మం దగ్గర వేరే చాప మీద కూర్చోబెట్టేవారు. అడిగేవాళ్ళు లేక నేను మాట్లాడటం తగ్గించేశాను. అమ్మమ్మకు కూడా తలూపే జవాబిచ్చేవాణ్ణి. కొన్ని రోజుల్లో సాయంత్రం దీపం పెట్టే వేళకు, పొద్దుటి నుంచి నా నోట్లోంచి ఒక్క మాటా రాలేదని గుర్తొచ్చి, నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి పెరట్లోకి వెళ్ళి చిన్నగా నా పేరు నేనే పిలుచుకునేవాణ్ణి.

తొలకరి రోజుల్లో కాలవ గట్టున జమ్ముగడ్డిలో కుయ్యిమంటుంటే చూశాను. గుప్పెడు కుక్కపిల్ల. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి మాత్రం ఇటికరాయి రంగు. తల్లి కనపడలేదు. చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాను. అమ్మమ్మ చూసి రాట్నం ఆపింది. అది ఆగడం నేను చూసింది అదే మొదలు.

"కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతావట్రా నాయనా? నేతోళ్ళ వీధిలో కుక్కేవిట్రా? రాళ్ళేసి చంపుతార్రా దాన్ని!"

తాతయ్య మగ్గం ఆపకుండా, నా వంక చూడకుండా అడిగాడు: "ఏం పెడతావురా దానికి?"

"గంజి," అన్నాను.

తాతయ్య మగ్గం కూడా ఆగింది. "అదే కదరా అసలు చిక్కు," అన్నాడు.

ఆయన కాసేపు ఆ పిల్లను చూశాడు. అది గుంట చుట్టూ, రాట్నం చుట్టూ, నా కాళ్ళ చుట్టూ అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంది. మగ్గంలో దారం పట్టుకుని పడుగులోంచి ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయే చెక్క సాధనాన్ని నాడె అంటారు. "నాడెలాగా ఒక్కచోట నిలవదేవిట్రా ఇది," అన్నాడు. ఆ పేరే ఖాయమైంది. తరవాత మగ్గం మళ్ళీ మొదలుపెడుతూ చెప్పాడు: "ఒక్కసారి. ఒక్కసారి అది పడుగు మీద మూతి పెట్టిందంటే, కాలవ అవతల వదిలేసి రావాల్సింది నేను కాదు, నువ్వే. ఆలోచించుకో."

ఆ వానాకాలమంతా నాకూ నాడెకూ పెరట్లో బడి. తాతయ్య పారేసిన చిక్కు నూలు తెచ్చి రెండు కర్రల మధ్య కట్టి గంజి రాశాను. ముద్దుగా ఉండేదే గాని, మహా తిండిపోతు. గంజి వాసన తగిలితే ఒళ్ళంతా తోకై ఊగేది. మూతి పెట్టబోయినప్పుడల్లా ఎత్తుకుని వెనక్కి కూర్చోబెట్టేవాణ్ణి. నూలు ముట్టకుండా కూర్చుంటే కొబ్బరి చిప్పలో గంజి పోసేవాణ్ణి. రోజుకు యాభైసార్లో వందసార్లో. ఒకసారి విసుగొచ్చి చెయ్యెత్తాను. కిటికీలోంచి తాతయ్య గొంతు వినిపించింది. "కొట్టావంటే నువ్వు ఉన్నప్పుడు మాత్రమే ముట్టుకోదు. నువ్వు లేనప్పుడు కదరా దాంతో పని." అప్పటిదాకా ఆయన చూస్తున్నాడనే నాకు తెలియదు. ఇంతకంటే కష్టమైంది, నూలు కింద నుంచి దూరకుండా చుట్టూ తిరిగి రావడం నేర్పటం. గంజి చిప్ప పట్టుకుని నేను అవతల నిలబడేవాణ్ణి. అది తిన్నగా కింద నుంచి వచ్చేస్తే ఎత్తుకెళ్ళి మళ్ళీ ఇవతల దించేవాణ్ణి. దాని మొహంలో ఎంత అయోమయమో! కనపడే దారి వదిలి కనపడని దారిన ఎందుకు రావాలో దానికి అర్థం కాదు. పిలవాలి, బతిమాలాలి, దారి చూపించాలి, అయినప్పుడు మెచ్చుకోవాలి. ఇవన్నీ మాటలతోనే కదా. అలా నాకు మళ్ళీ మాట వచ్చింది. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం నాడె నూలు దగ్గర ఆగి, నా వంక చూసి, వెనక్కి తిరిగి, కర్ర చుట్టూ తిరిగి నా దగ్గరికి నడిచి వచ్చింది. నేను చిప్పలో గంజంతా ఒలకబోసుకుంటూ దాన్ని కావిలించుకున్నాను.

దసరా వెళ్ళింది. నాన్న రాలేదు. నాడె అప్పటికి మోకాలెత్తు ఎదిగింది. వీధిలో వాళ్ళు దాన్ని చూసి ముఖం చిట్లించుకున్నా, తాతయ్య ముఖం చూసి ఊరుకునేవారు. అప్పుడు వచ్చింది ఉపద్రవం. మా ఇంటికి రెండిళ్ళ అవతల చలమయ్య తాతది. ఆ వీధికి పెద్ద, నోరూ పెద్దది. ఒక రోజు పొద్దున వాళ్ళు పడుగుకు గంజి పట్టించి, ఆరబెట్టి, చద్దన్నం తినడానికి లోపలికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి నడిమి భాగమంతా నాకి, లాగి, పోగులు తెంపేసి ఉంది. వెదురు కర్రొకటి పక్కకు పడిపోయింది. చలమయ్య తాత చేతికర్రతో మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నీ మనవడి కుక్కని బయటికి పంపు. దాన్ని ఇక్కడే చంపుతా."

ఆ పొద్దున నాడె నా పక్కనే పెరట్లో ఉంది. ఆ మాటే చెప్పాను. నేను ఎప్పుడూ మాట్లాడగా వినని మనుషులు, మాట్లాడినప్పుడు మాత్రం ఎందుకు నమ్ముతారు? అరగంటలో వీధంతా చలమయ్య తాత అరుగు దగ్గర చేరింది. సాయంత్రంలోగా కుక్కను కాలవ దాటించాలి, లేదా చంపాలి అన్నారు. తాతయ్య పక్కన నేను, నా కాళ్ళ దగ్గర నాడె. నేను ముందుకు వెళ్ళాను.

"వాడు ముట్టుకోలేదండీ. ముట్టుకోడు. కావాలంటే పడుగు పరిచి మీరందరూ లోపలికి వెళ్ళిపోండి. వాణ్ణి ఒక్కణ్ణే వదిలెయ్యండి. ముట్టుకుంటే నేనే తీసుకుపోతా, నేనూ మళ్ళీ ఈ ఊరు రాను."

"ఎవరి పడుగురా పరిచేది?" అన్నాడు చలమయ్య తాత. "మీ నాన్న బెజవాడ నుంచి పంపిస్తాడా?"

ఎవరో నవ్వారు. అప్పుడు తాతయ్య అన్నాడు: "నాది పరుస్తాను."

అమ్మమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. "అయ్యో, పెళ్ళివారి చీరల నూలయ్యా అది! ఇంట్లో ఉన్నది అదొక్కటే!"

"పరుస్తానన్నాను కదా," అన్నాడాయన, లేచి ఇంటికి నడుస్తూ.

ఆ సాయంత్రం నాకు ముద్ద దిగలేదు. "తాతయ్యా, ఒకవేళ వాడు ముట్టుకుంటే?" అని అడిగాను. ఆయన కంచంలోంచి తల ఎత్తి, నా ముఖంలోకి, నా మచ్చల ముఖంలోకి సూటిగా చూశాడు. "నేర్పావా, లేదా?" "నేర్పాను." "అయితే అన్నం తిను."

మర్నాడు పొద్దున మా పడుగు వీధిలో పరిచారు. గంజి పట్టించారు. తెల్లగా, తడిగా మెరుస్తోంది. నాడెను పడుగుకు మా వైపున మధ్యలో కూర్చోబెట్టి, "ఉండు" అని చెప్పి నేను లోపలికి వచ్చేశాను. అన్ని ఇళ్ళవాళ్ళూ తలుపులు ఓరగా వేసుకుని సందుల్లోంచి చూస్తున్నారు. నేను అరవకుండా తాతయ్య నా భుజం పట్టుకున్నాడు. వీధిలో మగ్గం చప్పుడు లేదు. గంజి బొట్టుబొట్టుగా కారి నాడె ముక్కు ముందే నేల మీద పడుతోంది. వాడు బొట్టు పడ్డప్పుడల్లా దాని వంక చూస్తాడు, చొంగ కారుస్తాడు, తల తిప్పేసుకుంటాడు. నేల మీద పడ్డ గంజి కూడా ముట్టుకోలేదు. ఎండ గోడ మీంచి వీధిలోకి దిగింది. ఎంతసేపో తెలియదు, నాకైతే ఒక ఏడాదిలా ఉంది.

అప్పుడు అవతలి వైపు సందులోంచి ఒక ఎర్ర దూడ వచ్చింది. మెడలో తెగిన పలుపు. తిన్నగా పడుగు మధ్యకు వచ్చి నాలుక చాచింది. నాడె లేచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముట్టుకోకుండా కూర్చోవడం నేర్పాను గాని, దూడ వస్తే ఏం చెయ్యాలో నేను నేర్పలేదు. దూడకూ వాడికీ మధ్య మూరెడు వెడల్పు పడుగు. కింద నుంచి ఒక్క దూకు దూకితే అందుతుంది. దూకితే మాత్రం అంతా పోయినట్టే. వాడు దూడను చూశాడు. పడుగును చూశాడు. ఒక్క క్షణం. తరవాత పక్కకు తిరిగి పరుగు లంకించుకున్నాడు. మా ఇల్లు దాటి, చలమయ్య తాత ఇల్లు దాటి, ఇంకో ఇల్లు దాటి, పడుగు కొసన కర్ర చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి అంతే వేగంగా వెనక్కి వచ్చి దూడ మీదికి ఉరికాడు. ఒక్కసారి మొరిగాడు. దూడ వచ్చిన సందులోకే పారిపోయింది. వాడు మళ్ళీ కొసదాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, నేను కూర్చోబెట్టిన చోటికే వచ్చి, రొప్పుతూ కూర్చున్నాడు.

తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. "ఎవరిదిరా ఆ దూడ?" అన్నాడు తాతయ్య. అప్పుడు చలమయ్య తాత గుమ్మంలోంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"మాదేనండీ."

వాళ్ళ కొత్త కోడలు. కాపరానికి వచ్చి నెల కూడా కాలేదు, పదహారేళ్ళుంటాయేమో. ఆవిడే మంగమ్మత్త. తల వంచుకునే చెప్పింది. "నిన్న పొద్దున కూడా తెంచుకుంది. నేనే పట్టుకొచ్చి కట్టేశాను. దాని మూతికి గంజి ఉంది మావయ్యగారూ."

"నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చలమయ్య తాత.

"భయమేసింది." తల ఎత్తి నా వైపు చూసి, "ఆ పిల్లాడు అందరిలో నిలబడి చెప్పాడు కదా, నేనూ చెప్పాలనిపించింది," అంది.

చలమయ్య తాత ముఖం ఎర్రబడింది. కోడల్ని ఏమంటాడో అని ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆయన చేతికర్ర చూరులో దోపేసి లోపలికి వెళ్ళాడు. చిప్ప నిండా గంజి తెచ్చి, పడుగు చివరిదాకా నడిచి, చుట్టూ తిరిగి వచ్చి, నాడె ముందు పెట్టాడు. నాడె నా వంక చూశాడు. నేను తలూపాక తాగాడు. నాకు ఆయన క్షమాపణ చెప్పలేదు. "రేపు మాది మళ్ళీ పరుస్తున్నాం. వాణ్ణి పంపించరా సాంబా," అన్నాడు. ఆ వీధిలో ఇంట్లోవాళ్ళు కాని మనిషి నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. తాతయ్య ఆరిన చుట్ట వెలిగించుకుని, "యాభయ్యేళ్ళ నుంచీ గుంటలో కూర్చుంటున్నాను. పడుగు దాటని నాడెను ఇవాళే చూశా," అన్నాడు. వీధంతా నవ్వింది.

ఆ తరవాత నాడె నావాడు మాత్రమే కాదు, వీధివాడయ్యాడు. ఏ ఇంటి ముందు పడుగు పరిచినా వాడు కావలి. మేకలు, కోళ్ళు, దూడలు, ఊరకుక్కలు ఎవరికీ ప్రవేశం లేదు. కూచిపూడి నుంచి భాగవతులు మా ఊరు వచ్చినప్పుడు వేషగాడొకాయన పొద్దున్నే కాలవకు పోతూ, పంచె ఎగగట్టి పడుగు దాటబోయాడు. నాడె ఆయన పంచె కొస పళ్ళతో పట్టుకుని వదలలేదు, కరవనూ లేదు. ఆయన ఎనిమిదిళ్ళ పొడుగునా నడిచి చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. "మా గురువుగారు కూడా ఇంత కట్టుదిట్టం చెయ్యలేదయ్యా!" అంటూ ఆయనే పడిపడి నవ్వాడు. పిల్లలు ముందు నాడె కోసం మా అరుగెక్కారు, తరవాత నా కోసం ఎక్కారు. బడిలో నా చాప ఎప్పుడు వరసలో కలిసిందో నేను గమనించనే లేదు. నా మచ్చలు ఎక్కడికీ పోలేదు. వాటిని చూడటం అందరూ మానేశారు, అంతే.

అయిదో తరగతి అయ్యాక నాన్న వచ్చాడు, బెజవాడలో హైస్కూల్లో వేస్తానని. బయలుదేరింది పొద్దుపూట. వీధిలో రెండు పడుగులు పరిచి ఉన్నాయి. నేను నాడెను కావిలించుకుని చెప్పాల్సినవన్నీ చెప్పి, పెట్టె పట్టుకుని నాన్న వెనక నడిచాను. వాడు నాతోపాటు రెండో పడుగు కొసదాకా వచ్చి ఆగాడు. పరుగెత్తుకుంటూ వెంటపడతాడని నేను తిరిగి తిరిగి చూస్తున్నాను. ఇంతలో వాడి వెనక ఎక్కడో కోడిపిల్లలు వీధిలోకి వచ్చాయి. వాడు నా వంక చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పిలిస్తే వచ్చేవాడే. నేను పిలవలేదు. కంకిపాడుదాకా దారిపొడుగునా ఏడ్చాను, వాడికి నేనంటే లెక్క లేదని. వాడికి నేను నేర్పిందే వాడు చేశాడని తెలియడానికి నాకు ఇంకా వయసు రావాల్సి వచ్చింది.

సెలవులకు వెళ్ళినప్పుడల్లా కాలవ గట్టు మీద ఎదురొచ్చేవాడు. నేను థర్డ్ ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉండగా తాతయ్య దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆయనకు రాయడం రాదు. బడి మాస్టారి చేత రాయించాడు. "నాడె నిన్న పొద్దున పోయాడు. చలమయ్య పడుగు ఆరేదాకా కూర్చునే ఉన్నాడు. తీసేశాక లేపితే లేవలేదు. కాలవ గట్టున పూడ్చాం. వీధిలో ఆ పూట మగ్గాలు ఆపారు. చలమయ్యే ఆపమన్నాడు. నువ్వు బాగా చదువుకో."

మా వాళ్ళలో మగ్గం ఆపడం చిన్న విషయం కాదు. వీధిలో నేతగాడు పోతేనే ఆపుతారు. గుంటలో కాళ్ళు పెట్టి బతికిన మనిషికి తోటివాళ్ళు చేసే మర్యాద అది. కలవారు పోయినా, ఊరి పెద్దలు పోయినా ఆపరు. నాన్న నేతవారింట పుట్టినవాడే, ఆయనకు చెప్పక్కర్లేదు. కార్డు రెండుసార్లు చదివాడు. "మీ అమ్మ పోయినప్పుడు భయపడి గుమ్మంలోకి ఎవరూ రాలేదురా," అన్నాడు. నాతో అమ్మ గురించి ఆయన అన్న మొదటి మాట అది. నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచాడు.

ఇప్పుడు ఆ వీధి సిమెంటు రోడ్డు. మగ్గాలు రెండే మిగిలాయి. పడుగులు మిల్లుల నుంచి చుట్టలుగా తయారై వస్తాయి, వీధిలో పరిచే పని లేదు. నేనుండే అపార్టుమెంటులో ఆరు కుక్కలున్నాయి. వాటికి డాక్టర్లున్నారు, స్నానం చేయించే మనుషులున్నారు, పుట్టినరోజులు కూడా చేస్తారు. మంచిదే. మా నాడెకు కొబ్బరి చిప్పెడు గంజి తప్ప ఏమీ దక్కలేదు. కాని లిఫ్టులో అవి నా వంక చూసినప్పుడు, పాపం వీటిని నమ్మి ఎవరూ ఏ పనీ అప్పగించలేదు కదా అనిపిస్తుంది. మనుషులకైనా అంతే. పై అంతస్తులో ఒకాయన పోతే మూడో రోజుకు గాని నాకు తెలియలేదు. ఆయన కోసం ఏదీ ఆగలేదు. ఏం ఆపాలో కూడా మాకెవరికీ తెలియదు.

కార్డు వచ్చిన మర్నాడు బడి వదిలాక నాన్న కొట్టుకు వెళ్ళాను. లోపల బేరం జరుగుతోంది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. నాన్న ఎప్పుడూ నన్ను మెచ్చుకునేవాడు కాదు, ఎవరి ముందూ నా ఊసు ఎత్తేవాడు కాదు. ఆ రోజు గజంబద్దతో గుడ్డ కొలుస్తూ, ఊరూ పేరూ తెలియని ఒక పెద్దమనిషికి నాడె కథంతా చెబుతున్నాడు. "మావాడు పెంచాడండీ. అప్పటికి ఎనిమిదేళ్ళవాడు. వాడే నేర్పాడు. అది పోతే వీధి వీధంతా మగ్గాలు ఆపేశారు." ఆ పెద్దమనిషి నమ్మలేనట్టు నవ్వాడు.

"కుక్క పోయిందని మగ్గాలాపారా?"

నాన్న కొలవడం ఆపాడు. గజంబద్ద బల్ల మీద పెట్టాడు.

"కుక్క పోయిందని కాదండీ," అన్నాడు. "పనిమంతుడు పోయాడని."